ఏనుగుమెట్ట నడక

మొదటి రోజు. గాలి నైరుతి నుంచి, సమంగా. లంగరు ఎత్తింది పొద్దున ఏడింటికి. పీపాలో మంచినీళ్లు ముప్పాతిక.

ఈ పుస్తకం రాయడం పడవలో నా పని. పైన గాలీ నీళ్లూ పడవ కోసం. కింద మిగిలిన జాగా నాది. మా ఆయన తాతారావు పై వరుస ఒక్కటీ చూసి పుస్తకం మూసేస్తాడు. అందుకే ఎవరితోనూ అనలేనివి కింద రాసుకుంటాను. ఈసారి అలాంటివి చాలా ఉన్నాయి.

పడవలో ఐదుగురం. నేను, తాతారావు, మా ఝాన్సీ, తాతారావు అన్నగారు కోదండం, ఆయన మనవరాలు పూర్ణ. బావగారికి డెబ్బై ఒకటి. పోయినేడు తుఫానులో కొడుకూ కోడలూ పడవా అన్నీ పోయాయి. ఇప్పుడు తాతా మనవరాలూ రేవులో ఒక పాత దోనెలో కాపురం ఉంటున్నారు. దోనె ఇంత దూరం రాలేదు కాబట్టి మాతో రమ్మన్నాం. రమ్మన్నది నేనే. తాతారావు తెగ సంతోషపడిపోయాడు, పాపం.

పిల్లలకి మాత్రం ఇది షికారు. తొమ్మిదేళ్లు వచ్చేదాకా పిల్లలకి నడక అక్కర్లేదు కాబట్టి పూర్ణ ఇంతవరకూ కొండ ఎక్కి ఎరగదు. ఝాన్సీకి పద్నాలుగు, వరసకి మేనత్త అవుతుంది కాబట్టి పెద్దరికం వెలగబెడుతోంది. పొద్దుటి నుంచీ పడవ బల్లల మీద సుద్దతో ఏడు గళ్లు గీసి పూర్ణ చేత నడిపిస్తోంది. ఇవి అడుగురాళ్లు, వట్టి కాళ్లతో తొక్కాలి, పరుగెత్తకూడదు, గెంతకూడదు, రోజూ పడవలో ఎలా నడుస్తావో అలాగే నడవాలి అని చెబుతోంది. కొండ దారిలో ఏడు రాళ్లూ నీ నడకని పసిగడతాయి, పైన ఊట దగ్గర ఎనిమిదో రాయి తొక్కగానే గంట మోగితే నువ్వు నువ్వేనని అర్థం, ఇంకో మూడేళ్లు నీ పేరు మీద రోజుకో కుండ నీళ్లొస్తాయి. మోగకపోతే అని పూర్ణ అడిగింది. ఎందుకు మోగదు, నువ్వు నువ్వు కాదా ఏంటి అని ఝాన్సీ కసిరింది.

బావగారు తెరచాప నీడలో కూర్చుని నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి నా ఒళ్లు మండిపోయింది. నేనూ నవ్వాను.

రెండో రోజు. గాలి తగ్గింది. చాపలోని సౌరపలకలకి పట్టిన ఎండతో చిన్న మోటారు నడిపాం. పీపా సగానికి కాస్త పైన.

బావగారికి మోకాళ్లు వాచాయి. నువ్వులనూనె వెచ్చచేసి మర్దనా చేశాను. వద్దమ్మా వద్దమ్మా అంటూనే కాళ్లు చాపాడు. నూనె రాస్తున్నంతసేపూ నా చేతుల్లో ఉన్నవి ఎవరి కాళ్లో మర్చిపోలేదు.

తొమ్మిదేళ్ల క్రితం మా అమ్మా నాన్నలతో కలిసి నేను ఏనుగుమెట్ట ఎక్కాను. తాతారావు జ్వరంతో పడవలో ఉండిపోయాడు. మాతోపాటు ఎక్కినవాడు బావగారొక్కడే. సగం దారిలో మా అమ్మ మడమ బెణికింది. నాన్న ఆమెని వీపున వేసుకుని రెండు రాళ్లు దాటించాడు. మిగతావి కుంటుతూ తొక్కింది. పైన గంట మోగలేదు.

మోగకపోయినా ఒక దారి ఉంది. రాయి మూగబోతే కొండ కావలి మనిషి చుట్టూ ఉన్నవాళ్లని ఒకే ఒక మాట అడుగుతుంది: రక్తసంబంధం లేనివాళ్లెవరైనా ఈ మనిషిని ఎరుగుదురా అని. ఎరుగుదును అంటే చాలు, పేరు నిలుస్తుంది. నాన్న మొగుడైనా మేనమామ కొడుకు, పనికిరాడు. నేను కూతుర్ని, పనికిరాను. బావగారు ఉన్నాడు. మా అమ్మ చేతి చేపల పులుసు ఇరవై ఏళ్లు తిన్నవాడు. ఆయన సముద్రంకేసి చూస్తూ నిలబడ్డాడు. కావలి మనిషి మూడుసార్లు అడిగి, అమ్మ పేరు కొట్టేసింది.

ఖాళీ అయిన చోటు రేవు జాబితాలో పైనున్న పేరుకి వెళ్తుంది. ఆ పేరు అప్పటికింకా పుట్టని బావగారి మనవరాలిది. నెల తిరక్కుండా పూర్ణ పుట్టింది, అమ్మ నీళ్లు తాగి పెరిగింది.

నాన్న తన కుండలో సగం అమ్మకి పోసి, తను ఉప్పు కలిసిన బావి నీళ్లు తాగేవాడు. మేమిస్తామంటే ఆడపిల్ల ఇంటి నీళ్లు తాగనని భీష్మించాడు. ఏడో నెలలో మూత్రపిండాలు చెడి పోయాడు. ఆ తర్వాత అమ్మ ఎన్నో రోజులు ఉండలేదు. ఇన్నాళ్లూ తాతారావు మొహం చూసి నోరు మూసుకున్నాను. క్షమించానని అందరూ అనుకున్నారు. నేను అదను కోసం చూస్తున్నాను, అంతే. మధ్యలో వచ్చిన రెండు నడకలకీ ఆయన కొడుకు పడవలో వెళ్లాడు.

మూడో రోజు. మధ్యాహ్నానికి ఏనుగుమెట్ట చేరాం. కొండ చాటున లంగరు వేశాం, గాలి లేదు. మా ముందు పదకొండు పడవలు. మా వంతు ఆరో రోజు పొద్దున.

నడకకి ముందు మూడు రోజులు నేల తొక్కకూడదన్నది అందరికీ తెలిసిన కట్టుబాటు. రాళ్లు ఎరిగింది పడవ మనుషుల నడకని. ఎడంగా వేసే పాదాలు, ఒరుగుతూ సర్దుకునే నడుము. మూడు రాత్రులు కదలని నేల మీద పడుకుని లేస్తే ఆ ఊపు కాళ్లలోంచి జారిపోతుంది. ముసలికాళ్లలోంచి ఇంకా తొందరగా పోతుంది. అందుకే వంతు కోసం ఆగిన పడవల్లో జనం ఒడ్డు చూసుకుంటూ పడవల్లోనే ఉడికిపోతారు.

ఒడ్డున మేకల కాపర్లు వదిలేసిన గుడిసె ఒకటి ఉంది. గట్టి నేల, ఎండు గడ్డి, చల్లటి గోడలు. బావగారి దగ్గర కూర్చుని నెమ్మదిగా మొదలుపెట్టాను. మోకాళ్లకి ఈ ఊగులాట మంచిది కాదండి, మూడు రోజులు కదలకుండా పడుకుంటే వాపు తీసేస్తుంది, లేకపోతే కొండ ఎలా ఎక్కుతారు అన్నాను. కట్టుబాటు సంగతేంటని తాతారావు అడిగాడు. బయలుదేరే ముందు రేవులో విన్నానని, ఈ ఏడాది రాళ్లు మార్చారని, అరవై దాటినవాళ్ల నడక ఎలా ఉన్నా కొత్త రాళ్లు పసిగడతాయని చెప్పాను. మా ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ చెప్పాను. పదహారేళ్ల కాపురంలో ఇలాంటి అబద్ధం ఆడడం ఇదే మొదలు.

బావగారు చాలాసేపు నాకేసి చూశాడు. ఆ తర్వాత, నువ్వు సెప్పినావు గదమ్మా, దిగుతాను అన్నాడు. తాతారావు ఆయన్ని మా పడవ వెనక కట్టిన చిన్న దోనెలో ఒడ్డుకి దింపి వచ్చాడు.

నాలుగో రోజు. గాలి లేదు. నీళ్లు సగం.

పొద్దున్నే అంబలి కాచి ఒడ్డుకి తీసుకెళ్లాను. దోనె అంచున నిలబడే అందించాను, నేల తొక్కలేదు. సుఖంగా పడుకున్నానన్నాడు. మధ్యాహ్నం ఎండుచేప వేయించి పంపాను. పక్క పడవలోని ముసలమ్మ చూసి, ఇలాంటి మరదలు ఎవరికి దొరుకుతుందని మెచ్చుకుంది. ఆ పొగడ్త నాకు నచ్చింది, అబద్ధమెందుకు. ఇన్నేళ్లలో ఇంత ఉత్సాహంగా వంట చేసిన రోజు లేదు.

పూర్ణ తాత కోసం ఒడ్డుకేసి చెయ్యి ఊపుతూ కూర్చుంది. మధ్యలో వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంది. జడ వేశాను. ఈ పిల్ల మీద నాకు కోపం లేదు. ఉండాలని చాలా ప్రయత్నించాను కానీ రాలేదు.

ఐదో రోజు. ఉత్తరపు గాలి మొదలైంది. నీళ్లు సగానికి తక్కువ.

సాయంత్రం బావగారు ఒడ్డున అటూ ఇటూ నడవడం పడవలోంచి చూశాను. అడుగులు దగ్గరగా, తిన్నగా పడుతున్నాయి. నడుము కదలడం లేదు. అచ్చం నేల మనిషి. వాపు కూడా తీసిందట. తాతారావు నా భుజం తట్టి, నీ వల్లే కాసులూ అన్నాడు. అన్నం సయించలేదు.

ఆరో రోజు. లంగరు మీదే. రాసేటప్పటికి సాయంత్రం ఐదు.

ఎండ ముదరకముందే బయలుదేరాం. సంచిలో జొన్నరొట్టెలు, ఉప్పుచేప, రెండు సీసాల నీళ్లు. నేల మీద కాలు పెట్టగానే పిల్లలిద్దరూ తూలి పడ్డారు, లేచి మళ్లీ పడ్డారు, పడి నవ్వారు. పూర్ణ మొదటి చెట్టు దగ్గరే ఆగిపోయి బెరడు మీద చీమల వరసని ఎంత లాగినా వదల్లేదు. ఝాన్సీ ఒక పచ్చి సీతాఫలం కొరికి ఉమ్మేసింది. మునిగిపోయిన ఊళ్లకి వెళ్లే పాత తారు రోడ్డు ముక్క ఒకటి పొదల్లో కనిపిస్తే, దీని మీద బళ్లు నడిచేవని తాతారావు చెప్పాడు. వాళ్లు నమ్మలేదు. పైనుంచి చూస్తే మా పడవ చాప చిన్న గుడ్డపీలికలా ఉంది.

మేమంతా ఊగుతూ, ఆయాసపడుతూ ఎక్కాం. బావగారు మాత్రం ముందు నడిచాడు. ఒక్కో రాయి మీదా ఆగి, రెండు పాదాలూ ఆనించి, మళ్లీ తిన్నగా వెళ్లాడు. వెనకనుంచి చూస్తూ నేను రాళ్లు లెక్కపెట్టుకున్నాను.

ఊట దగ్గర కావలి మనిషి నా ఈడుది, ఖాకీ చీర కట్టుకుని ఉంది. మొదట పిల్లల్ని పిలిచింది. ఝాన్సీకి మోగింది. పూర్ణకి మోగింది, ఆ చప్పుడికి తనే ఉలిక్కిపడి చప్పట్లు కొట్టింది. తాతారావుకి మోగింది. నాకూ మోగింది. బావగారు ఎనిమిదో రాయి ఎక్కి నిలబడ్డాడు. ఊట చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

కావలి మనిషి అడిగింది. రక్తసంబంధం లేనివాళ్లెవరైనా ఈయన్ని ఎరుగుదురా? అక్కడ ఆ మాట చెప్పగలిగింది నేనొక్కదాన్నే. తాతారావు నాకేసి తిరిగాడు. ఝాన్సీ, అమ్మా అంది. రెండోసారి అడిగింది. నేను సముద్రంకేసి చూశాను. తొమ్మిదేళ్లుగా ఈ ఒక్క నిమిషాన్ని తలుచుకుంటూ బతికాను. అది ఎంత తియ్యగా ఉంటుందనుకున్నానో అంత తియ్యగానూ ఉంది. మూడోసారి కూడా అడిగింది.

ఆ తర్వాత ఆమె ఇంకో మాట అడిగింది. అది ఉందన్న సంగతే నాకు తెలియదు. మా అమ్మప్పుడు అడగలేదు. ఈ మధ్యే పెట్టారట.

"నీ నడక నేల నడకలా ఉంది, తాతా. మూడు దినాల్లో ఒడ్డు తొక్కినావా? నిన్నెవులైనా మోసం సేసి దింపినారా? సెప్తే నీ పేరు ఉంటాది, ఆల పేరు పోద్ది."

తాతారావు కళ్లు నా మీదే ఉన్నాయి. కొత్త రాళ్ల కబురు ఎవరు తెచ్చారో ఆయనకి ఆ క్షణంలోనే గుర్తొచ్చిందని మొహం చూస్తే తెలిసింది. బావగారు నాకేసి తిరగలేదు.

"ఎవులూ నేదమ్మా. నానే దిగినాను."

కావలి మనిషి ఆయన పేరు కొట్టేసింది. కిందికి దిగాం. రొట్టెలు సంచిలోనే ఉండిపోయాయి.

పడవ ఎక్కాక తాతారావు తన గిన్నెలో సాయంత్రపు నీళ్లు పోసుకుని, సగం అన్నగారి గిన్నెలో వంచాడు. పూర్ణ పరుగున వచ్చి తనది కూడా పోయబోతే, పిల్లల నీళ్లు పెద్దవాళ్లు తాగితే తప్పని బావగారే ఆపాడు. తాతారావు నా పక్కనుంచి వెళ్తూ ఆగాడు. ఇన్నేళ్లలో నాతో ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"అన్నయ్య ఇక నుంచి నా నీల్లు తాగుతాడు. ఉన్నన్నాల్లూ. దీని గురించి నువ్వేటీ మాటాడకు."

ఏడో రోజు. ఎదురుగాలి. అడ్డంగా కొట్టుకుంటూ వెళ్తున్నాం. నీళ్లు పావు వంతు.

పగ తీరితే మనసు తేలికపడుతుందనుకున్నాను. పొద్దుటి నుంచీ నాకు నాన్న గుర్తొస్తున్నాడు. సగం గిన్నె తాగి, మిగతా దాహానికి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఇవాళ మధ్యాహ్నం చుక్కాని దగ్గర తాతారావు అలాగే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తాతారావుకి యాభై మూడేళ్లు, అప్పటికి నాన్నకి కూడా ఇంచుమించు అంతే. కుండ నీళ్లు చాలకపోతే రేవులో దొరికేవి ఆ ఉప్పుబావి నీళ్లే. నాన్నకి పట్టింది ఏడు నెలలు.

దీన్ని నేను చూసుకోలేదు. పేరు పోయినవాడికి తోడబుట్టినవాళ్లు నీళ్లు పోయడం మా రేవులో పుట్టిన ప్రతివాళ్లకీ తెలిసిన పద్ధతి. తెలిసీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కోపంతో కళ్లు మూసుకుపోయాయి. దెబ్బ ఆయన మీద వేశాను, తగిలింది నా మొగుడికి.

నా నీళ్లు తీసుకోమని తాతారావుని అడిగాను. వినిపించనట్టు మోకు లాగుతూ ఉండిపోయాడు. అడిగే హక్కు కూడా నాకు మిగల్లేదు.

ఇంకొకటి. నిన్న సాయంత్రం పోసిన గిన్నె బావగారి పక్కన అలాగే ఉంది. నిన్న కొండ దిగినప్పటి నుంచి ఆయన చుక్క నీరు తాగలేదు.

ఎనిమిదో రోజు. గాలి దారిచ్చింది. మధ్యాహ్నానికి రేవు చేరతాం. పీపా అడుగంటింది, అయినా సరిపోతుంది.

పొద్దున తాతారావు పిల్లలిద్దరినీ తీసుకుని చాప ఎక్కించడానికి ముందుకు వెళ్లాడు. నేను గిన్నె పట్టుకుని బావగారి దగ్గరికి వెళ్లాను. పెదాలు పగిలి నెత్తురు కారుతోంది. నా నీళ్లలో సగం పోశాను. తాతారావువి కావు, నావి. చూసి తల అడ్డంగా ఊపాడు.

ఎందుకు తాగడం లేదని అడిగాను. నాలుకతో పెదాలు తడుపుకున్నాడు.

"యాభై ఏల్లు సంద్రం మీద బతికినోడిని. మూడు రాత్రులు నేల మీద తొంగుంటే నడక మారిపోద్దని నాకు తెల్దనుకున్నావేటి, కాసులమ్మా? నువ్వు సెప్పినప్పుడే తెలిసింది. తెలిసే దిగినాను."

ఆ రోజు ఎందుకు నోరు విప్పలేదో చెప్పమన్నాను. కారణం ఏదైనా పెద్దది ఉంటుందని ఇన్నేళ్లుగా నాలో ఒక మూల ఆశ పడుతూనే ఉన్నానని అడిగాకే తెలిసింది.

"పెద్ద కారణం ఏటీ నేదు. కోడలికి నెల్లు నిండినాయి. ఒక సోటు ఖాళీ అయితే పుట్టబోయే గుంటకి నీల్లొస్తాయనుకున్నాను. మీ యమ్మ నాకేసి సూసింది, సూసినా నాను ఎరుగుదునని అననేదు. అంతే. ఇక నన్నొగ్గీ. తమ్ముడి నీల్లు నాను తాగను. నాలుగు దినాల్లో అయిపోద్ది. నీకూ సల్లబడతాది."

చల్లబడలేదు. ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు, అమ్మ పోయిన రోజు కూడా. తొమ్మిదేళ్లు కూడబెట్టుకున్న పగని ఈ మనిషి ముందే చూసి, చెయ్యి చాపి, తీసేసుకున్నాడు. నేను పన్నిన వల్లో తానే నడిచొచ్చి పడుకున్నాడు. కొండ మీద నా పేరు కాపాడాడు, అదీ నన్ను అడక్కుండానే. ఇప్పుడు చచ్చిపోయి మంచివాడైపోతాడట. రేవు జనం ఏడుస్తారు. తాతారావు బతికినంతకాలం నా మొహం చూడడు. అమ్మ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇన్నేళ్లూ ఆయన్ని మీరు అన్నాను. ఇప్పుడు ఆ మీరు నోట్లోంచి దానంతటదే పోయింది.

"నువ్వు సావడానికి వీల్లేదు. రోజూ నా కుండలో సగం నీకు పోస్తాను. మా ఆయన సేత పోయించను. నా సేతుల్తో నానే పోస్తాను, నువ్వు నా ఎదర కూకుని తాగాలి."

వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. ముందు నుంచి పూర్ణ నవ్వు వినిపించింది, చాప తాడు పట్టుకుని ఊగుతోంది. నేను వంగి గిన్నె ఆయన నోటి దగ్గర పెట్టాను. తాగకపోతే ఇప్పుడే ఆ పిల్లని పిలుస్తానన్నాను. తొమ్మిదేళ్లుగా అది తాగుతున్నవి ఎవరి నీళ్లో, అవి దానికి ఎలా వచ్చాయో, దానికోసం తాత ఏం చేశాడో మొదటి నుంచి చివరిదాకా చెబుతానన్నాను. నువ్వు చచ్చిన మర్నాడు చెబుతాను, తాగనన్న రోజున చెబుతాను.

ఆయన కళ్లలో అప్పుడు భయం చూశాను. కొండ మీద లేదు, పేరు కొట్టేసినప్పుడు లేదు. ఇప్పుడు వచ్చింది. రెండు చేతులతో గిన్నె పట్టుకున్నాడు. గడ్డం మీద కొంచెం ఒలికింది. గటగటా తాగాడు, చివరి చుక్క దాకా.

చాప పైకి లేచింది. తాతారావు వెనక్కి తిరిగి ఖాళీ గిన్నె చూశాడు, తర్వాత నన్ను చూశాడు, తాడు కట్టుకున్నాడు. పూర్ణ పరుగెత్తుకొచ్చి, తాత నీళ్లు తాగాడని నన్ను కావలించుకుంది.

ఆ పిల్లకి ఆ సంగతి నేను ఎప్పటికీ చెప్పను. చెప్పలేను. అది నాకు తెలుసు, ఆయనకి తెలియదు. ఆయన బతికున్నంతకాలం తెలియనివ్వను.